మూడో సీజన్, ఏడో భాగం

శుక్రవారం మధ్యాహ్నం. మెహబూలా, నాలుగో అంతస్తు.
ఏసీ కింద బకెట్టు, బకెట్లో చుక్క చుక్క.
ఆరుగురం, ఒక టీవీ.
ఊరికి పోతూ శ్రీలంక వంటమనిషి
మూడు దినార్లకు అమ్మిపోయింది,
ఎడమ మూల ఎప్పుడూ ఆకుపచ్చ.
అందుకే అందులో ఏ గ్రహమైనా మాకు పచ్చ గ్రహమే.

కథ చెప్పేస్తున్నా, చూడనివాళ్లు చెవులు మూసుకోండి.
శనిగ్రహం ఆవల ఒక చంద్రుడు, చంద్రుడి మీద ఒక బ్యాంకు.
అందులో డబ్బుండదు, నిద్ర ఉంటుంది.
లేనివాళ్లు రాత్రికింతని అమ్ముకున్న నిద్ర,
గాజు బుడ్లలో, నీలంగా, లేబుళ్లతో.
ఉన్నవాళ్లు కొనుక్కుపోయి, తాగి, పడుకుంటారు.
దోచుకోవడానికి ఐదుగురు బయల్దేరతారు:
నాయకురాలు, తాళాలమనిషి, ఒళ్లంతా పొలుసులున్న ఒకడు,
మాటలతోనే జేబు కొట్టే ముసలాయన.
ఐదోవాడు ఎందుకున్నాడో చివరిదాకా తెలియలేదు.
"ప్రొడ్యూసరు బావమరిది అయ్యుంటాడబ్బీ" అన్నాడు ఓబులేసు.

ప్లాను వేసే సీను బాగుంది.
ఉప్పుడబ్బా వాల్టు, చెంచా సొరంగం.
ఏ లోకంలోనైనా దొంగతనం
వంటింటి సామానుతోనే మొదలవుతుందని
రాసినవాడికి తెలుసు. ఒక మార్కు.

అలారం తీగల కింద పొలుసులవాడు పాకుతుంటే
సత్తిబాబు చేతిలో ఖుబ్జ్ ముక్క నోటిదాకా పోయి ఆగింది.
పప్పు చుక్క చాప మీద పడింది.
దానికొక మార్కు.

ఇక నా పేచీ.
నేను ఫహాహీల్లో బంగారం కొట్టు ముందు
రాత్రి పది నుంచి పొద్దున పది దాకా నిలబడేవాణ్ణి.
పదకొండేళ్లు. ఈ ఒక్క విషయంలో నా మాటకు తూకముంది.

వాల్టు తలుపు దగ్గర ఇద్దరు కాపలావాళ్లు.
పేర్లు లేవు, మాటలు లేవు.
తాళాలమనిషి ఒక బుడ్డి మూత తీసి ఊదుతాడు,
ఇద్దరూ గోడవార జారి కూలబడతారు.
రెండు సెకన్లు.
కెమెరా వాళ్ల కాళ్లు దాటి లోపలికి పోతుంది.

రెండు సెకన్లేందయ్యా!
తెల్లవారుజాము మూడింటికి
నిద్ర అంత మర్యాదగా రాదు.
ముందు మోకాళ్లలోకి దిగుతుంది.
తర్వాత షట్టరు గీతలు ఒకదాంట్లోకి ఒకటి పోతాయి.
అప్పుడు, చిన్నప్పుడు తప్పిపోయిన మేక
వచ్చి షట్టరు ముందు నిలబడుతుంది.
దాన్ని తోలాలి.
తోలకపోతే సూపర్‌వైజరు ఫోటో తీస్తాడు,
మూడు రోజుల జీతం.
గంట గంటకూ రిజిస్టరులో సంతకం.
అంత పెద్ద బ్యాంకులో
ఒక పుస్తకం లేదు, దారం కట్టిన పెన్ను లేదు!
రెండు మార్కులు కోసేశాను.

"కథ రా ఇది," అన్నాడు జగిత్యాల గంగరాజం,
"కథల పెన్ను ఏడికెల్లి వస్తది?"

కానీ ఒకటుంది.
ఆపి, వెనక్కి జరిపి అందరికీ చూపించాను.
రెండో కాపలావాడు పడ్డప్పుడు కుడి బూటు అడుగు కనిపిస్తుంది.
మడమ దగ్గర వేరే రంగు రబ్బరు ముక్క,
జిగురు పెట్టి అతికించింది.
ఎవరు పెట్టారు దాన్ని?
బట్టలు చూసేవాళ్లలో ఎవరో,
నిలబడే ఉద్యోగం చేసినవాడో, వాడి కొడుకో.
నాదీ కుడి మడమే అరుగుతుంది.
కోసిన రెండూ తిరిగిచ్చేశాను.

చివర్లో బుడ్లన్నీ పగులుతాయి.
నిద్ర ఊరి మీదికి పొగమంచులా దిగుతుంది.
మెట్ల మీద, బజార్లో, బండ్ల కింద
ఎక్కడివాళ్లు అక్కడే పడుకుంటారు.
సంగీతం ఎక్కువైంది.
అయినా గదిలో ఎవరూ మాట్లాడలేదు.
మస్తాన్‌వలి అప్పటికే గురక.

ఐదుకు నాలుగు.

పై శుక్రవారం నాకు డబుల్ డ్యూటీ.
ఎనిమిదో భాగం చూసి ఓబులేసు ఫోను చేశాడు.
నాయకురాలు దొరికిందంట,
పొలుసులవాడే పట్టించినాడంట,
ఐదోవాడు ఇంకా ఊరికే తిరుగుతున్నాడంట.
"ఆ ఇద్దరూ?"
"ఏ ఇద్దరు?"
"తలుపు కాడ పడిపోయినోళ్లు. లేచినారా?"
ఫోన్లో కాసేపు బకెట్టు చప్పుడు.
"చూపించలేదబ్బీ."

కొట్టు తెరవడానికి ఇంకా గంటుంది.
మూడింటి గడిలో సంతకం పెట్టి
పెన్ను దారాన్ని వేలికి చుట్టుకుంటూ నిలబడ్డాను.